మెట్లు దిగిన బేరం

బేరం కుదరక జనం కొట్టు మెట్లు దిగుతుంటే ముక్కలాయన వెంటనే పిలిచేవాడు కాదు. చివరి మెట్టు మీద కాలు పడేదాకా ఆగేవాడు. మొదటి మెట్టు మీదే పిలిస్తే మన ఆత్రం బయటపడిపోతుంది, రోడ్డెక్కాక పిలిస్తే వాళ్ళకి రోషం వచ్చేస్తుంది. చివరి మెట్టు మీద మాత్రం మనిషి కాళ్ళు బయట ఉన్నా మనసు లోపలే ఉంటుందని ఆయన లెక్క. అప్పుడు తలెత్తకుండా, గుడ్డ మడతపెడుతూనే, "సరే రండి, మీ మాటా వద్దు, నా మాటా వద్దు" అనేవాడు. వాళ్ళు వెనక్కి తిరిగేవాళ్ళు. తిరగని మనిషిని తను ఇంతవరకూ చూడలేదని చెప్పుకునేవాడు. అబద్ధమే అనుకోండి, కానీ వినడానికి బాగుండేది.

ఆ కొట్టులో అమ్మేవి తానుల చివర మిగిలిపోయిన ముక్కలు. పెద్ద షాపుల్లో తాను అయిపోవచ్చాక, ఇటు చొక్కాకి చాలక అటు పారెయ్యబుద్ధికాక మిగిలే గుడ్డ ఉంటుంది చూడండి, అది గోనెసంచుల్లో ఆయన దగ్గరికి వచ్చేది. తూకానికి కొని, దులిపి, ఇస్త్రీ చేసి, పొడుగుని బట్టి అరల్లో సర్దేవాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని ముక్కలాయన అనేవాళ్ళు. కుట్టిన బట్టలమ్మే షాపులు ఇంకా ఆ వీధిలోకి రాని రోజులవి. గుడ్డ కొనుక్కుని, దర్జీకి కొలతలిచ్చి, ఇదిగో అదిగో అని అతను తిప్పుతుంటే తిరిగే రోజులు. ఇప్పుడు తలుచుకుంటే అలా తిరగడం కూడా బాగుండేదనిపిస్తుంది. కొట్టులోకి అడుగుపెడితే కొత్త గుడ్డ గంజి వాసన, వేడి ఇస్త్రీ పెట్టె వాసన, వెనక గదిలోంచి ఆయన భార్య తొక్కే కుట్టుమిషను చప్పుడు.

కూతురు ఆ చప్పుడులోనే పెరిగింది. చిన్నప్పుడు గోనెసంచి మీద పడుకుని నిద్రపోయేది. కాస్త అక్షరాలొచ్చాక ఒకరోజు, "మీటరూ కాలు ఉంది అంటే ఎవరికి అర్థమవుతుంది నాన్నా? దాంతో ఏమవుతుందో చెప్పాలి గానీ" అని, కాగితం ముక్కల మీద రాసి ఒక్కో గుడ్డకీ గుండుసూదితో గుచ్చింది. "ఐదేళ్ళ పిల్లకి గౌను వస్తుంది." "రెండు దిండు గలీబులు, పైగా ఒక చేతిరుమాలు." "పెద్దాయనకి చొక్కా. పొట్ట ఉంటే రాదు." ఆ చివరిది చూసి ముక్కలాయన నాలిక కరుచుకుని పీకెయ్యబోయాడు. అప్పటికే ఒక పొట్టాయన అది చదివి, పగలబడి నవ్వి, పంతానికి అదే గుడ్డ కొనుక్కుపోయాడు. ఆ రోజు నుంచీ చీటీలు రాసే పని ఆ పిల్లదే.

ఆ పిల్లకి పదిహేడేళ్ళు నిండి, స్కూలు చదువు అయిపోయిన వేసవిలో జరిగింది ఈ సంగతి.

మధ్యాహ్నం, కొట్టులో ఎవరూ లేని వేళ, కామర్సు మాస్టారు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురింట్లో ఉంటాడు. వీధిలో పిల్లలకి ఎవరికి ఎక్కడ సీటొస్తుందో చెప్పడం ఆయనకి సరదా. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మార్కుల కాగితం ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"వ్యాపారం చదువుతానంటోంది కదూ? చెప్తా వినండి. పెద్ద కాలేజీ గాలిలో దీపం. లెక్కల్లో ఈ మార్కులతో గుమ్మం కూడా తొక్కనివ్వరు. మన ఊరి కాలేజీ జేబులో ఉన్నట్టే, కానీ అక్కడ పాఠం చెప్పేవాళ్ళు జన్మలో ఒక అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరగరు. ఇక మిగిలింది పట్నం కాలేజీ. దానికి దరఖాస్తు పెట్టించండి."

"సీటొస్తుందా మాస్టారూ?"

"సీటొస్తుంది. ఫీజే కళ్ళు తిరిగేలా ఉంటుంది. అయితే వాళ్ళ దగ్గర మెరిట్ సాయం అని ఒకటుంది. మార్కులు చూసి, పిల్లతో మాట్లాడి, ఫీజులో కొంత తగ్గిస్తారు. మనమ్మాయికి సగం తగ్గిస్తే గొప్ప. అంతకుమించి ఆశపడకండి."

ముక్కలాయన కత్తెర పక్కన పెట్టాడు. "సగం నా వల్ల కాదు మాస్టారూ. నాలుగోవంతంటే ఎలాగో గుంజుకొస్తాను. మూడొంతులు తగ్గించాలి వాళ్ళు."

"ఇది డిస్కౌంటు కాదండీ బాబూ, సాయం. వాళ్ళు చెప్పిందే చెప్పడం."

"పేరేదైతేనేం మాస్టారూ, తగ్గించడం తగ్గించడమే కదా! ముందు చెప్పిన ధరకే ఇచ్చేవాడు లోకంలో ఎక్కడైనా ఉన్నాడా?"

మాస్టారు నుదుటి మీది కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు. కూతురు చీటీలు రాస్తూ తలెత్తి తండ్రి వైపు ఒకసారి చూసింది.

పట్నం కాలేజీలో వరండాలు పొడుగ్గా, చల్లగా ఉన్నాయి. ముక్కలాయన పెళ్ళికి కుట్టించుకున్న కోటు తొడుక్కున్నాడు. బొత్తాం పెట్టుకుంటే ఊపిరాడదు, పెట్టుకోకపోతే మర్యాదగా ఉండదు. పెట్టుకునే కూర్చున్నాడు. బల్లకి అటు పక్క అడ్మిషన్లు చూసే మేడమ్, ఇద్దరు లెక్చరర్లు. "వ్యాపారం అంటే ఏమనుకుంటున్నావమ్మా?" అని అడిగారు. కూతురు పుస్తకం మాటలేమీ చెప్పలేదు. చీటీల సంగతి చెప్పింది. కొనేవాళ్ళకి గుడ్డ కాదు, గౌను తొడుక్కున్న పిల్ల కనపడాలి అంది. పొట్టాయన మాట దగ్గరికొచ్చేసరికి ముసలి లెక్చరరు దగ్గొచ్చేదాకా నవ్వాడు. ముక్కలాయన ఛాతీ పొంగి ఆ కోటు ఇంకా బిగిసింది.

వాళ్ళని కాసేపు బయట కూర్చోబెట్టి మళ్ళీ పిలిచారు. లెక్చరర్లు వెళ్ళిపోయారు. మేడమ్ ఒక్కతే ఉంది. "చాలా సంతోషమండీ. సీటు ఇస్తున్నాం. మార్కులు కొంచెం తక్కువైనా, ఇంటర్వ్యూ చూసి కమిటీ సగం ఫీజు తగ్గించింది" అంది. కూతురు ముఖం వెలిగింది. "థాంక్యూ మేడమ్" అనడానికి నోరు తెరిచింది కూడా.

"సగమేమిటండీ?" అన్నాడు ముక్కలాయన. "మూడొంతులు చెయ్యండి. ఇప్పుడే ఖాయం చేసుకుందాం."

మేడమ్ అర్థం కానట్టు చూసింది. "అది నా చేతిలో లేదండీ. కమిటీ నిర్ణయం."

"మా కొట్టులో కూడా అంతేనండీ. ఎవరైనా గట్టిగా అడిగితే 'మా అన్నయ్య ఒప్పుకోడు' అంటాను. నాకు అన్నయ్యే లేడు." ఆయన నవ్వాడు. మేడమ్ నవ్వలేదు.

"నాన్నా," అంది కూతురు చిన్నగా.

"నువ్వుండు. చూడండి మేడమ్, పిల్ల ఎలాంటిదో మీరే విన్నారు. ఇలాంటి సరుకు... అదే, ఇలాంటి పిల్ల మళ్ళీ మీకు దొరకదు. పెద్ద కాలేజీవాళ్ళు కూడా రమ్మంటున్నారు."

పెద్ద కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదు. కూతురు తల దించుకుంది. మేడమ్ ఆ పిల్ల వైపూ, తండ్రి వైపూ చూసి, "అయితే మీ ఇష్టమండీ. వారంలోగా ఏ సంగతీ చెప్పకపోతే సీటు వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది" అంది.

"సరే అయితే. పద అమ్మడూ," అని ముక్కలాయన లేచాడు.

ఆ కాలేజీకి మెట్లు ఎక్కువ, వెడల్పు కూడా ఎక్కువ. ఆయన తీరిగ్గా దిగాడు. వెనక చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించి దిగాడు. చివరి మెట్టు మీద ఆగి, వంగి, చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. ఏమీ వినపడలేదు. రెండో చెప్పు కూడా సరిచేసుకున్నాడు. వాచ్‌మన్ దగ్గరికొచ్చి, "చెప్పు తెగిందా అండీ? గేటు పక్కనే కుట్టేవాడున్నాడు" అన్నాడు.

"నాన్నా, ఇది కొట్టు కాదు!" అంది కూతురు. "వాళ్ళు పిలవరు. ఎందుకు పిలుస్తారు? వాళ్ళకి పిల్లలేమైనా తక్కువయ్యారా?" గబగబా నడిచి ఆయన కంటే ముందు గేటు దాటేసింది. బస్సులో తల్లి వయసున్న ఎవరో ఆవిడ పక్కన కూర్చుంది. ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాటి నుంచి ముక్కలాయన కొట్టులో పని కంటే కాపలా ఎక్కువైంది. బల్ల మీద నల్ల టెలిఫోను ఉండేది. దాని దగ్గర ఎవరైనా చెయ్యి ఆనిస్తే, "కొంచెం పక్కకండీ, ఫోనొస్తుంది" అనేవాడు. ఎదురింటి మాస్టారు సంగతి విని తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారండీ! నోటి దగ్గర కూడు తీసి పారేశారు. వాళ్ళ దగ్గర ఇలాంటి పిల్లల వరస పెద్దగా ఉంటుందండీ!"

"పిలుస్తారు మాస్టారూ. మీకు బేరం సంగతి తెలీదు."

"ఎప్పుడు పిలుస్తారు?"

"పిలుస్తారు."

వెనక గదిలోంచి భార్య మిషను ఆపి, "ఆ ఫోనుని అలా పొదిగితే పిల్లలు పెడుతుందా ఏమిటండీ? తప్పయిపోయిందని ఒక్క ముక్క చెప్పొస్తే మీ సొమ్మేం పోయింది?" అంది. ఎవరికో గలీబు గుడ్డ కత్తిరిస్తూ వంకరగా కోశాడు. కత్తెర పట్టడం వచ్చాక అంత వంకరగా ఎప్పుడూ కొయ్యలేదు. కొనుక్కునేవాళ్ళు చూడకుండా ఆ గుడ్డ బల్ల కిందికి తోసేసి ఇంకోటి తీశాడు.

కూతురు కొట్టులోకి రావడం మానేసింది. అన్నం దగ్గర తలెత్తేది కాదు. అడిగినదానికి ఊఁ, ఊహూఁ. ఆ పిల్ల అరిచినా బాగుండేది. ఆయనకి అరుపులు అలవాటే, బేరమంటేనే అరుపులు కదా. అరల్లో గుడ్డలకి పాత చీటీలు వేలాడుతూ ఉండేవి. వంకరటింకర అక్షరాల నుంచి గుండ్రటి అక్షరాల దాకా, ఆ పిల్ల చెయ్యి ఎలా కుదురుకుందో ఆ చీటీల్లో చూడొచ్చు. ఒక మూలనున్న పాత గుడ్డకి "దీంతో ఏమవుతుందో నాకు తెలీదు. మీకు తెలిస్తే సగం ధరకే" అని రాసి ఉంది. ఎప్పుడు రాసిందో! అది చదివి ఒక్కడే నవ్వుకుని, నవ్వు మధ్యలో ఆగిపోయి, కళ్ళు తుడుచుకున్నాడు. పిల్ల చదువు తన నోటితో తనే పోగొట్టాడు.

ఒకరోజు పొద్దున్నే కూతురు తల దువ్వుకుని, మంచి ఓణీ వేసుకుని, "మాస్టారి చెల్లెలుగారింటికి వెళ్తున్నా, పుస్తకాలిస్తారట" అని బయల్దేరింది. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. వచ్చి, కాళ్ళు కడుక్కుని, సరాసరి కొట్టులోకి వచ్చింది. ఏమీ జరగనట్టు గోనెసంచి మీద కూర్చుని, "కాగితాలేవి నాన్నా? ఈ కొత్త ముక్కలకి చీటీలే లేవు" అంది.

ముక్కలాయన ఉలిక్కిపడి కాగితాలు, పెన్నూ, గుండుసూదుల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. ఆ పిల్ల గుడ్డ ఎత్తి వెలుతురుకి పట్టి చూసి, వేళ్ళతో కొలిచి, నాలిక కొస బయటపెట్టి రాసింది. చిన్నప్పుడూ అంతే, రాసేటప్పుడు నాలిక బయటికొచ్చేది. ఆయన గుడ్డ మడతపెడుతున్నట్టు నటిస్తూ చాలాసేపు చూశాడు. కోపం పోయింది కాబోలు అనుకున్నాడు. కోపం పోయిందంటే ఆశ కూడా వదిలేసుకుందన్నమాట అని తట్టేసరికి చేతిలో గుడ్డ పక్కన పెట్టేశాడు.

"రేపు పట్నం వెళ్తాను," అన్నాడు ఉన్నట్టుండి. "సగానికే ఒప్పుకుంటానని చెప్తాను. తప్పయిందని కూడా చెప్తాను. మిగతాది ఏ గడ్డి కరిచో తెస్తాను."

కూతురి చేతిలో పెన్ను ఆగింది. "రేపొద్దు నాన్నా," అంది. "ఇంకా గడువుంది కదా. పిలుస్తారేమో చూద్దాం."

ఆయన తెల్లబోయి చూశాడు. పిలవరని ఆ రోజు అరిచింది ఈ పిల్లే.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ముక్కలాయన చేతిలో ఉన్న మీటరు బద్ద కింద పడేసి పరిగెత్తాడు. అవతల మేడమ్. "మీరు అడిగిన విషయం మళ్ళీ చూశామండీ. ఒకసారి అమ్మాయిని తీసుకుని రాగలరా?" అంది. ఆయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి భార్య వైపు చూసి కనుబొమలెగరేశాడు. మళ్ళీ చెయ్యి తీసి, గొంతు తగ్గించి, "రేపు కొంచెం పనుందండీ... సరే, చూసుకుని వస్తాం లెండి" అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆయన్ని పట్టడం ఎవరి వల్లా కాలేదు. రోడ్డు దాటి మాస్టారింటికి వెళ్ళి, "ఏమన్నాను? ఏమన్నాను మాస్టారూ?" అన్నాడు. మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "మీరు ఘనులండీ" అని మాత్రం అన్నాడు. దర్జీకి చెప్పాడు, పాలవాడికి చెప్పాడు, గుడ్డ కొనడానికొచ్చిన ముక్కూమొహం తెలియని మనిషికి కూడా చెప్పాడు. "వాళ్ళ మెట్లు దిగి వచ్చానండీ! చివరి మెట్టు మీద ఆగాను కూడా. కాలేజీవాళ్ళు కదా, కాస్త ఆలస్యంగా అర్థమైంది, అంతే!" భార్య మిషను మీదికి బాగా వంగిపోయి కుట్టుకుంటూ ఉండిపోయింది. కూతురు, "చాల్లే నాన్నా, ఊరంతా నవ్వుతారు" అంది. ముఖంలో మాత్రం సంతోషం దాగలేదు.

మళ్ళీ ఆ కోటు, మళ్ళీ ఆ చల్లటి వరండా. ఈసారి ఆయన దర్జాగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. పుస్తకాలు, పెన్నులు, కాగితాలు అమ్మే కాలేజీ స్టోరు ఆ వరండా చివరే ఉంది. అందులోంచి తాళాలగుత్తి ఊపుకుంటూ ఒక లావుపాటి ఆవిడ వచ్చి, కూతుర్ని చూసి ఆగింది.

"వచ్చావా అమ్మాయ్? కాలేజీ తెరిచిన రోజు నుంచే సాయంత్రాలు కౌంటర్లో నువ్వే కదా? నాకు కాస్త నడుం వాల్చే అవకాశం దొరుకుతుంది."

"మీరు... ఎవరనుకున్నారో నన్ను," అంది కూతురు గబగబా. ఆవిడ ఏదో అనబోయి, పక్కనున్న కోటాయన్ని చూసి, నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

"ఎవర్ని చూసి ఎవరనుకుందో పాపం," అన్నాడు ముక్కలాయన.

మేడమ్ లోపలికి పిలిచింది. ఎదురుగా కుర్చీలు చూపించింది. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. "మీరు చెప్పినదాన్ని బట్టి అన్నీ మళ్ళీ చూశామండీ," అని మొదలుపెట్టి, కూతురి వైపు ఒక్క క్షణం చూసి, "మొత్తం మీద ఇప్పుడు మూడొంతులు తగ్గుతుంది. మీరు కట్టాల్సింది నాలుగోవంతే" అంది.

ముక్కలాయన ఆ చూపు పట్టుకున్నాడు.

ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. కొట్టులో పనికి కొత్తగా చేరినవాడు ఎవరికైనా ధర చెప్పేముందు యజమాని వైపు అలాగే చూస్తాడు, సరిగ్గానే చెప్తున్నానా అన్నట్టు. అప్పుడు ఆయన కనీకనపడకుండా తలూపుతాడు. ఇప్పుడు పక్క కుర్చీలో తన కూతురు, కళ్ళు బల్ల మీదే ఉంచి, కనీకనపడకుండా తలూపింది.

తాళాలగుత్తి ఆవిడ మాట, పుస్తకాలని చెప్పి వెళ్ళిన రోజు, రేపొద్దు నాన్నా అన్న మాట, మిషను మీదికి వంగిన భార్య, మాస్టారి కళ్ళద్దాలు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి. కమిటీ పైసా పెంచలేదు. సగం సగంగానే ఉంది. పిల్ల ఒక్కతే వచ్చి ఆ సగానికి ఒప్పుకుంది. మిగతా నాలుగోవంతుకి స్టోరులో కౌంటరు దగ్గర నిలబడతానంది. ఆ తరవాత, మా నాన్నని మీరే పిలిచినట్టు పిలవండి అని ఈవిడని బతిమాలుకుంది. మెట్లు దిగినవాణ్ణి వెనక్కి పిలిచింది కాలేజీ కాదు.

ముందు సిగ్గేసింది. చెవులు కాలిపోయేంత సిగ్గు. వీధి వీధంతా చెప్పుకుని తిరిగాడు! ఆ సిగ్గు వెనకే ఇంకేదో పొంగుకొచ్చి కోటు బొత్తాం దగ్గర అడ్డుపడింది. ఆ బల్ల అవతలికి, ఇవతలికి, ఈ గదంతా వినపడేలా 'నా బంగారు తల్లీ' అని ఏడవాలనిపించింది. గోనెసంచి మీద నిద్రపోయిన పిల్ల. లేచాక బుగ్గ మీద గోనె అచ్చులు పడి ఉండేవి. ఎప్పుడు ఇంతదైపోయింది? తను ఇంకా ఆ పిల్లకి బేరం నేర్పాలనుకుంటూనే ఉన్నాడు.

పక్కకి చూశాడు. కూతురు ఊపిరి బిగబట్టి ఉంది. ఒక్క మాట తేడాగా అంటే ఆ పిల్ల కట్టుకున్నదంతా కూలిపోతుంది. నిజంగా గెలిచినవాడు ఇప్పుడేం చేస్తాడు? ఆనందపడి ఊరుకుంటాడా? ఊరుకుంటే పిల్లకి అనుమానం రాదూ?

ముక్కలాయన గొంతు సవరించుకుని, మొహం చిట్లించాడు.

"నాలుగోవంతు సరే మేడమ్. మరి కొసరో?"

"కొసరా?" అంది మేడమ్. ఈసారి ఆవిడకి ఎటు చూడాలో నిజంగా తెలియలేదు.

"ఇంత బేరం జరిగాక కొసరు లేకుండా ఎలాగండీ? హాస్టల్లో మా అమ్మాయికి కిటికీ ఉన్న గది ఇప్పించండి. గాలీ వెలుతురూ బాగా రావాలి. దానికి రాసుకునే అలవాటుంది."

"నాన్నా!" అంది కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుని. కానీ ఆ గొంతులో హమ్మయ్య అన్న ఊపిరి ఉంది, ఆయన విన్నాడు.

"చూస్తానండీ," అంది మేడమ్. పెదాలు బిగించి నవ్వు ఆపుకుంటోంది.

"చూస్తాననకండి. ఖాయమనండి."

"ఖాయం," అంది మేడమ్, ఇక ఆపుకోలేక నవ్వేస్తూ.

బయటికొచ్చి తండ్రీకూతుళ్ళు మెట్లు దిగారు. ఎండ మొహం మీద పడుతుంటే ముక్కలాయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కళ్ళు తడిగా ఉన్నాయని ఎవరికీ తెలియకుండా అదొకటి కలిసొచ్చింది. కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. చాలా ఏళ్ళైంది ఆ పిల్ల అలా రోడ్డు మీద చెయ్యి పట్టుకుని.

"భలే ఆడావు నాన్నా బేరం," అంది.

"మరేమనుకున్నావు మీ నాన్నంటే?"

కాస్త దూరం నడిచాక ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసి, "సంతోషమేనా నాన్నా?" అని అడిగింది. బేరం తెగాక, పొట్లం చేతికిస్తూ, కొన్నవాళ్ళందరినీ ముక్కలాయన అడిగే మాట అదే.

"సంతోషమేనమ్మా," అన్నాడు ఆయన, కొన్నవాళ్ళు చెప్పినట్టే.

ఆ వారమంతా ఆయన ఆడిన మాటల్లో అదొక్కటే నిజం.